దెయ్యం ఏమీ చేయదు, నిలబడి ఉంటుంది: జపాన్ భయానక చిత్రాల మీద చర్చ

తడిగోడ | శుక్రవారం, రాత్రి 11:42

నిన్న రాత్రి కైరో చూశాను. కియోషి కురొసావా 2001లో తీసిన సినిమా, ఇంగ్లీషు పేరు పల్స్. (ఏడుగురు సమురాయిల కురొసావాకు ఈయన బంధువు కాడు, ఇంటిపేరు కలిసిందంతే.) రెండు గంటల్లో ఒక్కసారీ ఉలిక్కిపడలేదు. తీరా పడుకోబోయే ముందు వంటింటి లైటు ఆర్పడానికి వెళ్లి, ఆర్పకుండానే వెనక్కి వచ్చేశాను. నలభై దాటినదాన్ని, బ్యాంకులో పదిమంది చేత పని చేయించేదాన్ని. పొద్దున మా ఆయన "రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంది" అంటే మరచిపోయానని అబద్ధం చెప్పాను.

నేను అడగదలచుకున్నది ఒక్క సన్నివేశం గురించి. యాబె అనే కుర్రాడు, తలుపు చుట్టూ ఎర్ర టేపు అంటించి మూసేసిన గదిలోకి వెళ్తాడు. గది చివర చీకట్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. అతని వైపు నడిచి వస్తుంది. మామూలు నడకే, కాస్త నెమ్మది. మధ్యలో ఒకచోట కాలు మడతపడినట్టు ఒళ్లంతా పక్కకు ఒరిగిపోతుంది. పడిపోతుందనుకుంటాం. పడదు. నిలదొక్కుకుని మళ్లీ నడుస్తుంది. అతన్ని పట్టుకోదు, కొరకదు, అరవదు. సోఫా వెనక నక్కినవాణ్ని పైనుంచి తొంగి చూస్తుంది, అంతే.

పడబోయి నిలదొక్కుకోవడంలో అంత భయపడవలసింది ఏముంది? ఎవరికైనా తెలిస్తే చెప్పండి. వంటింటి లైటు ఇప్పుడు కూడా వెలుగుతోంది.

ముందుబెంచీ | శుక్రవారం, రాత్రి 11:58

తడిగోడ గారూ, మీరు భయపడవలసింది కరెంటు బిల్లుకు.

నేనూ ఆ సినిమా మొదలుపెట్టాను, నలభై నిమిషాలకు ఆపేశాను. ఒకడు కంప్యూటరు ముందు కూర్చుని ఉంటాడు. ఆ కంప్యూటరు తెర మీద ఇంకొకడు కుర్చీలో కూర్చుని ఉంటాడు. వీడు వాణ్ని చూస్తాడు, మనం వీణ్ని చూడాలి. టికెట్టు కొన్నవాడి కోసం దెయ్యం ఏదో ఒకటి చేయాలా వద్దా? చిన్నప్పుడు మా ఊరి హాల్లో రామ్‌గోపాల్ వర్మ "రాత్రి" చూశాను. రేవతి ఇటు తిరిగిందంటే హాలంతా కేక. నా పక్కన కూర్చున్నాయన చేతిలో సోడా నా చొక్కా మీద పడింది. భయమంటే అది. ఇది నత్తకు నడక నేర్పడం.

మిక్సింగ్‌గది | శనివారం, రాత్రి 12:35

నా కూడు సినిమాకు సంగీతం, చప్పుళ్లు కలిపే రీరికార్డింగ్ గదిలోనే కాబట్టి లోపలి సంగతి చెబుతాను. దెయ్యం సీను రీరికార్డింగుకు వచ్చిందంటే మాకు అందే మొదటి సూచన: "ఇక్కడ ఒక దెబ్బ పడాలి." అంటే ఉన్నట్టుండి ఒక పెద్ద చప్పుడు. తలుపు తెరుచుకుంటే దెబ్బ, పిల్లి దూకితే దెబ్బ. ఆ దెబ్బకు ముందు అర క్షణం అన్నీ ఆపేస్తాం. చూసేవాడు చెవులు రిక్కిస్తాడు. అప్పుడు కొడతాం. నేను మిక్స్ చేసిన దెబ్బకు నేనే పదోసారి కూడా ఉలిక్కిపడ్డాను. అది ఒంటికి సంబంధించిన వ్యవహారం, మనసుతో పని లేదు. ఉలిక్కిపడ్డాక ఏం చేస్తాం? నవ్వుతాం, పక్కవాడి మొహం చూస్తాం. ఒళ్లు తేలికపడుతుంది. అంటే అక్కడితో మీ బాకీ తీరిపోయింది. ముందుబెంచీ గారి చొక్కా మీద సోడా పడగానే ఆయన భయం కూడా కారిపోయింది.

ఇదే కురొసావా 1997లో తీసిన క్యూర్ వినండి. చూడమనడం లేదు, వినమంటున్నాను. సంగీతం దాదాపు లేదు. ఎక్కడో యంత్రాలు తిరుగుతున్న హోరు, గాలి, నీళ్ల చప్పుడు. పోలీసు డిటెక్టివ్ తకాబె ఇంటికి వస్తాడు. భార్యకు మనసు బాగుండదు. ఇంట్లో బట్టల యంత్రం తిరుగుతూ ఉంటుంది, లోపల ఒక్క బట్ట ఉండదు. అతను ఏమీ అనడు. వెళ్లి ఆపుతాడు. ఆ హోరు ఆగిన చోట ఒక నిశ్శబ్దం మిగులుతుంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, అలాంటి నిశ్శబ్దం ఒక్కటి కూడా నా చేత చేయించలేదు ఎవరూ.

ఇంకొకటి. జు-ఆన్ అనే సినిమాలో కయాకో అనే దెయ్యం గొంతులో వచ్చే ఆ కరకర చప్పుడు దర్శకుడు తకాషి షిమిజు సొంత గొంతే. ఎవరైనా చేయగలరు. నేను చేసి చూపించాను, మా అబ్బాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పాతరీలు | శనివారం, ఉదయం 6:10

రాత్రి పన్నెండింటికి దెయ్యాల గురించి రాసే ఓపిక నాకు లేదు, తెల్లవారాక రాస్తున్నాను.

తడిగోడ గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు. గాలిలో తేలివచ్చే దెయ్యం తెర మీద బొమ్మ. పడబోయి తమాయించుకునేదానికి బరువు ఉంది, నేల ఉంది. అంటే అది ఆ గదిలో నిజంగా ఉంది. గుర్తుందా, అదే సినిమా చివరి భాగంలో కవాషిమా అనే కుర్రాడు "నువ్వు లేవు" అన్నట్టుగా దెయ్యం మీదికి వెళ్లి భుజాలు పట్టుకుంటాడు. చేతులు గాలిలోకి పోతాయని మనమూ అనుకుంటాం. భుజాలు చేతికి తగులుతాయి. ఆ తగలడానికి కావలసిన జమ అంతా కురొసావా గంట ముందే ఆ ఆడమనిషి తూలుడులో వేసి పెట్టాడు.

ఇంకో సంగతి, జపాన్ దెయ్యాలకు సంప్రదాయం ప్రకారం పాదాలే ఉండవు. మరుయామా ఓక్యో అనే చిత్రకారుడు పద్దెనిమిదో శతాబ్దంలో వేసిన ఓయుకి బొమ్మను దీనికి మూలంగా చెబుతారు. తెల్లబట్ట, విరబోసుకున్న జుట్టు, నడుము కిందికి వచ్చేసరికి బొమ్మ మాసిపోతుంది. తెల్లబట్ట వాళ్ల దగ్గర శవానికి కట్టే బట్ట. జుట్టు విరబోసి ఉండడం కూడా శవానికే. అంతకాలం పాదాలు లేకుండా బతికిన దెయ్యానికి కురొసావా కాళ్లిచ్చాడు, ఇచ్చి వాటిని తడబడనిచ్చాడు. (మన దెయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఏ దేశం వాళ్లైనా ముందు కాళ్లే చూస్తారన్నమాట.)

కవాసాకిలో_గోంగూర | శనివారం, ఉదయం 9:25

తొమ్మిదేళ్లుగా ఇక్కడే, జపాన్‌లోనే ఉంటున్నాను. సినిమా పండితుణ్ని కాదు, ఇల్లు వెతుక్కున్నప్పటి సంగతి చెబుతాను.

రెండేళ్ల కిందట ఇల్లు మారవలసి వచ్చింది. స్టేషనుకు నడిచి వెళ్లేంత దూరం, ఎండ వచ్చే బాల్కనీ, అద్దె మాత్రం ఆ వీధిలో మిగతావాటికంటే బాగా తక్కువ. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో నాలుగు మాటలు: "తెలియజేయవలసిన విషయం కలదు." ఏజెంటును అడిగాను. అతను ఫైలు మూసి, చాలా మర్యాదగా, వెనకటి అద్దెదారు లోపలే చనిపోయారని, కొంతకాలం ఎవరికీ తెలియలేదని చెప్పాడు. గది చూస్తారా అన్నాడు. చూశాను. కొత్త వాల్‌పేపరు, కొత్త నేల. అసలు భయం అక్కడే వేసింది. ఒక గోడకు మాత్రమే కొత్త కాగితం ఉంది, మిగతా మూడూ పాతవే.

ఇలాంటి ఇళ్లను ఇక్కడ జికో బుక్కెన్ అంటారు. ఎంతకాలం వరకు చెప్పాలన్న దానికి ప్రభుత్వం 2021లో మార్గదర్శకాలు ఇచ్చింది. అద్దె ఇళ్లకు సుమారు మూడేళ్లు. మామూలు చావైతే చెప్పనక్కర లేదు. ఒంటరిగా పోయి, ఆలస్యంగా బయటపడే చావులకు కొదొకుషి అని వేరే మాటే ఉంది. కైరోలో మనుషులు మాయమైపోయాక గోడ మీద నల్లటి మరక మిగులుతుంది చూశారా? బయటివాళ్లకు అది ఊహ. ఇక్కడివాళ్లకు అది ఏజెంటు ఫైలులో ఉండే విషయం.

ఆ ఇల్లు తీసుకోలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ బాల్కనీ గురించి దెప్పుతుంది.

ముందుబెంచీ | శనివారం, ఉదయం 10:02

మీ ఇంటి కథ బాగుంది గోంగూర గారూ, సినిమా కంటే బాగుంది. ఒక గోడకే కొత్త కాగితం! అదే తీసి చూపిస్తే నేను కదలకుండా చూసేవాణ్ని.

కానీ నా అసలు ఫిర్యాదు నెమ్మదితనం కాదు, న్యాయం. మన దెయ్యం సినిమాలో విశ్రాంతి తరవాత గతం వస్తుంది. ఎవడో దుర్మార్గుడు ఆమెను చంపాడు. ఆమె వాణ్ని చంపుతుంది. హారతి, శుభం కార్డు. దెయ్యానికి ఒక లెక్క ఉంటుంది. జు-ఆన్‌లో ఏముంది? ముసలావిడకు అన్నం పెట్టడానికి వచ్చిన అమ్మాయి ఏం పాపం చేసింది? ఇంట్లో అడుగు పెట్టింది, పోయింది. దీన్ని కథ అంటారా?

మిక్సింగ్‌గది | శనివారం, ఉదయం 10:20

మీకు తెలియకుండానే అసలు చోటు పట్టుకున్నారు. దాన్నే భయం అంటున్నాం.

రింగు ముగింపు గుర్తు చేసుకోండి. (చూడనివారు ఈ పేరా వదిలేయండి.) హిడియో నకాటా, 1998. వీడియో చూసినవాళ్లు వారంలో చస్తారు. రేకో అనే విలేఖరి, ఆమె మాజీ భర్త ర్యూజీ కలిసి ఆ వీడియో వెనక ఉన్న దెయ్యం సదాకో చరిత్ర తవ్వి తీస్తారు. బావి దొరుకుతుంది. రేకో బురదనీళ్లలో వెతికి సదాకో పుర్రెను గుండెకు హత్తుకుంటుంది. గడువు దాటినా ఆమె బతికే ఉంటుంది. మన లెక్కలో ఇక్కడ శుభం కార్డు పడాలి: అస్థికలు దొరికాయి, ఆత్మ శాంతించింది. మర్నాడు ర్యూజీ ఇంట్లో టీవీ దానంతట అదే వెలుగుతుంది. అదే బావి.

ఎముకలు దొరికినా, కన్నీళ్లు పెట్టుకున్నా సదాకోకు అక్కర లేదు. రేకో బతికింది ఆ పుణ్యం వల్ల కాదు, టేపుకు నకలు తీసి మరొకరికి చూపించినందుకు. చివరికి కొడుకును బతికించుకోవడానికి కారులో టేపు పెట్టుకుని సొంత తండ్రి ఇంటికి బయలుదేరుతుంది. తెర మీద ఏ దెయ్యమూ లేదు, ఒక తల్లి కారు నడుపుతోంది.

నిర్వాహకుడు | శనివారం, ఉదయం 10:41

ముగింపులు చెప్పేవారు పై సభ్యుడిలా ముందే హెచ్చరిక పెట్టండి. "పాత సినిమానే కదా" అన్న వాదన చెల్లదు. నేను రింగు ఇంకా చూడలేదు. చూడవలసిన అవసరం ఇప్పుడు కాస్త తగ్గింది.

పాతరీలు | శనివారం, మధ్యాహ్నం 2:15

ముందుబెంచీ గారికి ఒక ఊరట. జపాన్ దెయ్యాలకు కూడా ఒకప్పుడు మీరన్న లెక్క ఉండేది. 1825లో ఎడో నగరంలో (ఇప్పటి టోక్యో) ఆడిన యొత్సుయా కైదాన్ అనే కబుకి నాటకం, నాలుగో త్సురుయా నంబొకు రాసినది. ఇయెమొన్ అనే సమురాయి వేరే పెళ్లి మోజులో భార్య ఓయివాకు ద్రోహం చేస్తాడు. మందు పేరుతో ఇచ్చిన విషానికి ఆమె మొహం పాడైపోతుంది, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడివస్తుంది. చచ్చి, వాణ్ని వదలదు. పక్కా న్యాయం. ఇప్పటికీ ఆ నాటకం ఆడేముందు నటులు ఓయివా గుడికి వెళ్లి మొక్కుకుంటారు.

ఇదంతా వేసవి సరుకు. ఉక్కపోతలో ఒళ్లు చల్లబడాలని దెయ్యం కథలు చెప్పుకోవడం వాళ్ల అలవాటు. పితృదేవతలు ఇంటికి వచ్చే ఒబోన్ పండుగ కూడా అప్పుడే. నూరు దీపాలు వెలిగించి, ఒక్కొక్క కథ అయ్యాక ఒక్కొక్కటి ఆర్పే ఆట ఉండేది. నూరో దీపం ఆరితే ఏదో వస్తుందట. అందుకని తొంభై తొమ్మిదితో ఆపి ఇంటికి పోయేవారు. నా మటుకు నాకు జపాన్ భయానక సినిమా అంతా ఆ తొంభై తొమ్మిదో దీపం దగ్గర ఆగి ఉంటుంది.

అక్కడి నుంచి సినిమాకు వస్తే, కెంజి మిజొగుచి తీసిన ఉగెత్సు (1953). ఇది భయపెట్టడానికి తీసినది కాదు, అయినా చెప్పాలి. మా ఫిల్మ్ క్లబ్బులో గీతలు పడిన ప్రింటు మీద చూశాను. కుమ్మరి గెంజురో ఎంతోకాలానికి ఇంటికి తిరిగివస్తాడు. చీకటి, పొయ్యి చల్లారిపోయి ఉంది, భార్యను పిలుస్తూ ఇల్లంతా తిరిగి వెనక నుంచి బయటికి వెళ్తాడు. కెమెరా ఇంట్లోనే ఉండి అతని వెంట తిరుగుతుంది. అతను చుట్టూ తిరిగి మళ్లీ గుమ్మంలోకి వచ్చేసరికి పొయ్యి మండుతోంది, భార్య వంట చేస్తోంది. కోత లేదు, ఒకే షాటు. ఆ వంట చేస్తున్న మనిషి ఎవరో మీకు అర్థమైపోతుంది. అతనికి తెల్లవారాక గాని తెలియదు.

అంత ప్రేమగా వచ్చిన దెయ్యాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

కవాసాకిలో_గోంగూర | శనివారం, సాయంత్రం 4:50

న్యాయం సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న మాట. సుగవారా నో మిచిజానే అనే పండితుణ్ని కుట్ర పన్ని దూరంగా దజాయిఫుకు పంపేశారు, 903లో అక్కడే పోయాడు. తరవాత రాజధానిలో వరస చావులు, 930లో ఏకంగా రాజభవనం మీద పిడుగు. ఆయన పగేనని భయపడి గుడి కట్టి దేవుణ్ని చేశారు. ఇప్పుడు ఆయన చదువుల దేవుడు. పరీక్షల ముందు పిల్లలందరూ ఆ గుళ్లకే వెళ్తారు, మా అమ్మాయి కూడా ఒక తాయెత్తు కొనుక్కుంది. పగబట్టిన ఆత్మను ఇక్కడ పంపించేయరు. చోటిచ్చి, మర్యాదగా చూసుకుంటారు. రింగులో ఆ దారి కూడా మూసేశారు.

ఎందుకు మూసేశారంటే, చాలామంది 1995 అంటారు. జనవరిలో కోబె భూకంపం, మార్చిలో టోక్యో మెట్రోలో ఓమ్ అనే మతశాఖ వాళ్లు వదిలిన సారిన్ విషవాయువు, అంతకుముందే కూలిపోయిన భూముల ధరలు. నిజమే కావచ్చు. కానీ జపాన్‌లో ఏం జరిగినా 1995 అనేసే అలవాటు నాకు నచ్చదు.

మిక్సింగ్‌గది | శనివారం, సాయంత్రం 5:30

నాకు 1995 కంటే డబ్బు లేకపోవడం పెద్ద కారణంగా కనిపిస్తుంది. వీడియో అద్దె దుకాణాల కోసం తక్కువ ఖర్చుతో తీసే చిత్రాల్లో పుట్టింది ఈ పద్ధతి. నొరియో త్సురుతా 1991లో మొదలుపెట్టిన వీడియోలను వీటన్నిటికీ తాతగా చెబుతారు. జు-ఆన్ కూడా 2000లో మొదట వీడియోగానే వచ్చింది. గ్రాఫిక్స్‌కు డబ్బు లేదు. ఏముంది? ఒక గది, ఒక నటి, ఒక మూల. ఆమెను ఆ మూలన నిలబెట్టి, మసకగా ఉంచి, మీకు చెప్పకుండా ఊరుకున్నారు.

ఆ ఊరుకోవడమే గొప్ప కిటుకు. జు-ఆన్‌లో లిఫ్టు షాటు చూడండి. అమ్మాయి లోపల నిలబడి ఉంటుంది, ఆమె వెనక తలుపు అద్దంలో ఒక్కో అంతస్తూ కిందికి పోతుంది. ప్రతి అంతస్తులోనూ అదే పిల్లవాడు నిలబడి చూస్తున్నాడు. కెమెరా దగ్గరికి వెళ్లదు, దెబ్బ పడదు, ఆమె చూడదు. చూసింది మీరొక్కరే. చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

సదాకో నడక కూడా అంతే చవక. నటి రియె ఇనో వెనక్కి నడిచింది, ఫిల్మును తిరగేసి వేశారు. అందుకే ఆ నడకలో ప్రతి అడుగూ తప్పుగా ఉంటుంది, ఏది తప్పో చెప్పలేం.

చిన్నమ్మడు | శనివారం, రాత్రి 9:15

ఇన్ని రోజులుగా చదవడమే గాని రాయలేదు. ఎవరూ డార్క్ వాటర్ (2002) పేరు ఎత్తడం లేదని రాస్తున్నాను. ఇదీ నకాటాదే, రింగు నవల రాసిన కోజి సుజుకి కథే. రింగు, కైరో, ఇది, మూడింటికీ కెమెరా ఒక్కరే, జునిచిరో హయాషి.

విడాకుల కేసు నడుస్తున్న తల్లి యొషిమి, ఆరేళ్లు నిండని కూతురు ఇకుకో. పాత అపార్టుమెంటులో చవకగా ఇల్లు దొరుకుతుంది. పడకగది కప్పు మీద చిన్న తడి మరక. వాచ్‌మన్‌కు చెబుతుంది, చూస్తానంటాడు. మర్నాడు మరక కాస్త పెద్దది. ఇంకోసారి చెబుతుంది. కొళాయి నీళ్లలో పొడవాటి వెంట్రుక. మేడ మీద దొరికిన ఎర్ర సంచీని పారేస్తే మళ్లీ అక్కడే ఉంటుంది.

నాకు భయం వేసింది దెయ్యానికి కాదు. ఆమెకు పనిలో ఆలస్యమైతే బడి దగ్గర పిల్ల ఒక్కతే వానలో నిలబడి ఉంటుంది. అదే రోజు మొగుడు వచ్చి తీసుకుపోబోతాడు. ఎప్పుడో ప్రూఫులు దిద్దే ఉద్యోగంలో హింస ఉన్న నవలలు చదివి మనసు చెదిరి వైద్యం చేయించుకున్న సంగతిని ఇప్పుడు ఆమె మీద సాక్ష్యంగా ఎత్తుతారు. కప్పు కారుతోందని గట్టిగా అరిచిందంటే "చూశారా, మతి సరిగా లేదు" అంటారు. అందుకని అరవదు. వంగి వంగి దండాలు పెట్టి, మరక కింద గిన్నె పెడుతుంది.

నేను అద్దె ఇంట్లో ఇద్దరు పిల్లలతో ఒంటరిగా ఉన్న రెండేళ్లలో మా స్నానాల గది కప్పు కారేది. ఇంటాయనకు ఎన్నిసార్లు ఫోను చేయాలో, ఎన్నోసారికి "ఈవిడ గొడవ మనిషి" అనిపించుకుంటామో లెక్క పెట్టుకునేదాన్ని. ఆ సినిమాలో గిన్నె కనిపించగానే ఆపేశాను. వారం తరవాత మిగతాది చూశాను.

తడిగోడ | శనివారం, రాత్రి 9:40

చిన్నమ్మడు గారూ, మీరు రాసిన గిన్నె దగ్గర నేనూ ఆగిపోయాను. నా పేరు మార్చుకోవాలేమో.

పాతరీలు గారూ, బరువు సంగతి సరిగ్గా తగిలింది. ఒకటి కలుపుతాను. ఆమె తూలినప్పుడు ఒక్క క్షణం నా చేయి ముందుకు కదిలింది, పట్టుకోబోతున్నట్టు. ఎవరైనా పడబోతే మనం చేసే పనే కదా. పట్టుకోబోయాక గుర్తొచ్చింది, ఎవరిని పట్టుకోబోతున్నానో.

పాతరీలు | ఆదివారం, ఉదయం 6:30

ఇది నేను రాసినదానికంటే మంచి జవాబు.

నిన్న రాసి ఉండవలసింది, మసాకి కొబయాషి తీసిన క్వైదాన్. 1965లో కాన్ ఉత్సవంలో జ్యూరీ ప్రత్యేక బహుమతి పొందింది. మిక్సింగ్‌గది గారు అందులో మొదటి కథ "నల్లని జుట్టు" వినాలి. తోరు తకెమిత్సు సంగీతం అంటారు గాని, చెక్కలు చీల్చిన చప్పుళ్లు అవి. మనిషి కాలు నేలలో దిగబడిన క్షణానికి శబ్దం రాదు. ఇంకెప్పుడో వస్తుంది.

ఈ కథలను ఇంగ్లీషులో రాసినవాడు లాఫ్కాడియో హెర్న్, గ్రీకు తల్లికి, ఐరిష్ తండ్రికి పుట్టి జపాన్‌లో స్థిరపడినవాడు. కథలు చెప్పింది ఆయన భార్య సెత్సు. దీపం తగ్గించి చెప్పమనేవాడట. పుస్తకం చూసి చదవబోతే వద్దనేవాడు, నీ మాటల్లో చెప్పు అనేవాడు. మా నాయనమ్మ కూడా కథ చెప్పేముందు లాంతరు వత్తి తగ్గించేది, కిరసనాయిలు ఆదాకు అనుకునేవాళ్లం.

ముందుబెంచీ | ఆదివారం, రాత్రి 11:20

మీ పోరు పడలేక క్యూర్ చూశాను. మొత్తం. ఒక్కణ్నే. ముగింపు గురించి రాస్తున్నాను, నిర్వాహకుల వారు కళ్లు మూసుకోవాలి.

ఒప్పుకోవలసినవి ఒప్పుకుంటాను. చిన్న పోలీసు ఠాణా, పట్టపగలు, కెమెరా ఎక్కడో రోడ్డు అవతల. ఒక పోలీసు వెళ్లబోతుంటాడు, రెండోవాడు వెనక నుంచి తుపాకీ తీసి కాల్చేస్తాడు. చెత్త ఊడ్చినంత మామూలుగా. నేను టీ తాగుతున్నాను, కప్పు అలాగే ఉండిపోయింది. మాటలతోనే మామూలు మనుషుల చేత హత్యలు చేయించే ఆ మామియా అనేవాడు కూడా. ఏది అడిగినా తిరిగి "నువ్వెవరు?" అంటాడు. పోలీసునంటే పోలీసునని, డాక్టరునంటే డాక్టరునని చెబుతారు. వాడు మళ్లీ "నువ్వెవరు?" అంటాడు. మూడోసారికి నాకే అనుమానం వచ్చింది. అనుమానం పెనుభూతం అంటారు కదా, వీడు ఆ సామెతకు మనిషి రూపం.

కానీ ముగింపు? డిటెక్టివు హోటల్లో భోజనం చేస్తాడు, ఫోను మాట్లాడతాడు, సిగరెట్టు కాలుస్తాడు. అయిపోయింది! ఇదేం ముగింపు? రెండు గంటలు కూర్చోబెట్టి బిల్లు కూడా ఇవ్వకుండా లేచిపోయాడు.

మిక్సింగ్‌గది | ఆదివారం, రాత్రి 11:31

వెయిట్రెస్‌ను చూశారా?

ముందుబెంచీ | ఆదివారం, రాత్రి 11:33

ఎవరు? కాఫీ పోసిన అమ్మాయా? కాఫీ పోసి వెళ్లిపోయింది. అప్పటికే అయిపోయిందనుకుని ఫోను తీసి ఇక్కడ తిట్టడానికి సిద్ధమవుతున్నాను.

పాతరీలు | ఆదివారం, రాత్రి 11:36

(అవును, మేలుకునే ఉన్నాను.) వెనక్కి తిప్పి చూడండి. అతన్ని కాదు, ఆమెను. ఇంకొకటి, మొదట్లో అదే హోటల్లో అతను తిండి ముట్టకుండా వదిలేస్తాడు. ఇప్పుడు పళ్లెం చూడండి.

ముందుబెంచీ | ఆదివారం, రాత్రి 11:58

చూశాను.

పళ్లెం ఖాళీ. పూర్తిగా తినేశాడు, ఎంతో ప్రశాంతంగా ఉన్నాడు.

ఆమె వెనక్కి వెళ్లింది, ఎవరితోనో మాట్లాడింది, నడుస్తూ ఒక చోట చేతిలోకి కత్తి తీసుకుంది. నడక మారలేదు, మొహం మారలేదు. కోత పడి పేర్లు వచ్చేశాయి. ఎవరూ దెబ్బ కొట్టలేదు, ఎవరూ దగ్గరికి వెళ్లి చూపించలేదు. నాలుగు సార్లు తిప్పి చూశాను. మొదటిసారి కూడా అది అక్కడే ఉంది, నేనే ఫోను చూసుకుంటున్నాను.

చిన్నమ్మడు | సోమవారం, రాత్రి 12:04

పడుకోండి ముందుబెంచీ గారూ. రేపు పని ఉంటుంది.

ముందుబెంచీ | సోమవారం, రాత్రి 12:47

పడుకుంటాను. పై ఇంట్లో ఈ వేళప్పుడు బట్టల యంత్రం వేశారు. ఆగాక పడుకుంటాను.

ఆ నీళ్ల సినిమా పేరు ఇంకోసారి చెప్పండి. ఆదివారం మధ్యాహ్నం, అందరూ ఇంట్లో ఉన్నప్పుడు చూస్తాను.